సిమెంటు పూత వేశాక చెమ్మ ఇంకా పైకెక్కింది, పాత ఇటుక గోడను ఏం చేయాలి?

ప్రశ్న: మాది తాతగారు కట్టించిన ఇల్లు. దాదాపు 90 ఏళ్లది. ఇటుక గోడలు, 18 అంగుళాల మందం, సున్నంతో కట్టినవి. వెనక గోడకు అడుగున 2 అడుగుల మేర ఎప్పుడూ కాస్త చెమ్మ ఉండేది. పూత రాలుతోందని 4 ఏళ్ల కిందట దాన్ని కొట్టించేసి, 3 అడుగుల ఎత్తు వరకు వాటర్‌ప్రూఫ్ మందు కలిపిన సిమెంటు పూత వేయించాం. అప్పుడే పెరడంతా కాంక్రీటు పోయించాం. రెండేళ్లు బాగానే ఉంది. ఇప్పుడు ఆ సిమెంటు పూతకు పైన, 5 అడుగుల దగ్గర రంగు ఉబ్బి తెల్లటి పొడి రాలుతోంది. బయటి వైపు పూత లేని చోట ఇటుకల మధ్య సున్నం వేలితో గీస్తే ఇసుకలా రాలిపోతోంది. కొన్ని ఇటుకలు పెచ్చులూడాయి. వెనక మూలలో కిటికీ కింద నుంచి మెట్లు మెట్లుగా ఒక బీట కూడా వచ్చింది, పెన్సిల్ మొన దూరుతుంది. మేస్త్రీ మొత్తం గీకేసి 6 అడుగుల వరకు సిమెంటు చేసి టైల్స్ అంటిద్దామంటున్నాడు. మా బావగారేమో గోడకు రంధ్రాలు పెట్టి ఇంజెక్షన్ చేయిస్తే పోతుందంటున్నారు. గోడ పడిపోతుందేమోనని అమ్మకు ఒకటే టెన్షన్. వంటగది ఒక్కటే తర్వాత సిమెంటుతో కట్టింది, అక్కడ ఏ ఇబ్బందీ లేదు. మేం దేనితో మొదలుపెట్టాలి?

జవాబు: 6 అడుగుల సిమెంటూ వద్దు, టైల్సూ వద్దు. మేస్త్రీకి అడ్వాన్సు ఏమైనా ఇచ్చి ఉంటే వెనక్కి అడగకండి. అతనికి ఈ ఇంట్లో చాలా పని ఉంది, కాకపోతే అది వేరే పని.

మీ ఉత్తరంలోనే సగం జవాబు ఉంది. 3 అడుగుల వరకు సిమెంటు వేశారు, 2 అడుగుల దగ్గర ఆగిన చెమ్మ 5 అడుగులకు చేరింది. 6 అడుగులకు వేస్తే ఆ తర్వాత ఎక్కడ తేలుతుందో మీరే చెప్పగలరు. టైల్స్ అంటిస్తే కొన్నాళ్లు కంటికి కనపడదు, అంతే.

ఇలా ఎందుకవుతుందో కాస్త వివరంగా చెబుతాను. ఇది అర్థమైతే రేపు మీ ఇంటికి ఎవరొచ్చి ఏ మందు అమ్మజూపినా మీరే తేల్చుకోగలరు. ఆ కాలం ఇటుకలు బాగా నీళ్లు పీల్చే రకం. వాటి మధ్య ఉన్నది సున్నం, ఇసుక. సున్నపురాయిని దాదాపు 900 డిగ్రీల సెల్సియస్ వేడిలో కాలిస్తే అందులోని కార్బన్ డయాక్సైడ్ పోతుంది. మిగిలినదాన్ని నీళ్లలో నానబెడితే సున్నం ముద్ద తయారవుతుంది. గోడలో పెట్టాక అది గాల్లోంచి అదే వాయువును తిరిగి తీసుకుంటూ నెమ్మదిగా మళ్లీ సున్నపురాయి అవుతుంది. ఇలా గట్టిపడినా దాని నిండా సన్నటి రంధ్రాలు మిగిలి ఉంటాయి. ఇటుకలోకి వచ్చిన నీళ్లు ఈ సున్నం దారిన బయటికొచ్చి ఆవిరైపోతాయి. గోడలోకి నీళ్లు రాకుండా కట్టడం ఆనాటివాళ్ల పద్ధతి కాదు. వచ్చిన నీళ్లు ఎప్పటికప్పుడు ఎండిపోయేలా కట్టారు. 18 అంగుళాల మందం ఉన్నది కూడా కొంతవరకు అందుకే: ఒక వాన గోడలో సగం లోతుకు దిగేలోపే ఎండ వచ్చి తడి లాగేస్తుంది.

సిమెంటు సంగతి వేరు. 1824లో ఇంగ్లండులో జోసెఫ్ ఆస్ప్‌డిన్ పోర్ట్‌లాండ్ సిమెంటుకు పేటెంటు తీసుకున్నాడు. ఆ తర్వాత కూడా చాలా దశాబ్దాల పాటు మామూలు ఇళ్లు సున్నంతోనే లేచాయి. సిమెంటు గట్టిది, చిక్కనిది, నీళ్లను తేలిగ్గా వదలదు. మీ గోడ అడుగున దాన్ని పూసేసరికి నేలలోంచి వచ్చే తడికి ఆ 3 అడుగుల మేర దారి మూసుకుపోయింది. తడి ఎంత లోపలికొస్తోందో అంత బయటికి పోయే చోటు దొరికేదాకా పైకి పాకుతూనే ఉంటుంది. మీ గోడలో ఆ చోటు సిమెంటు పూత అంచు దాటాక దొరికింది. రంగు ఉబ్బింది అక్కడే. రెండేళ్లు బాగుందన్నారే, అది తడి పైదాకా పాకడానికి పట్టిన సమయం.

ఇక ఆ తెల్లటి పొడి ఉప్పు. నేలలోనూ, ఇటుకలోనూ, సిమెంటులోనూ కరిగే లవణాలు ఉంటాయి. నీళ్లు వాటిని మోసుకొచ్చి, తాము ఆవిరయ్యే చోట వదిలేసి పోతాయి. పైపైన పొడిగా పేరుకుంటే పెద్ద నష్టం లేదు, చీపురుతో పోతుంది. రంగు వెనకో, ఇటుక ముఖం వెనకో స్ఫటికాలు కడితేనే ప్రమాదం. అవి పెరుగుతూ ఎదురున్నదాన్ని నెడతాయి. తడిసి, ఆరి, మళ్లీ తడిసి, ఇలా కొన్ని సార్లు జరిగేసరికి ఇటుక పెచ్చులూడుతుంది.

అందుకే పాత గోడల పనిలో ఉన్నవాళ్లంతా ఒక మాట మీద ఉంటారు. సందులో పెట్టే మాలు ఇటుక కన్నా మెత్తగా ఉండాలి, ఇటుక కన్నా తేలిగ్గా తడిని వదలాలి. ఇంట్లో ఫ్యూజు వైరు ఎందుకు సన్నగా పెడతారో ఇదీ అందుకే: పాడవాల్సి వస్తే ముందు అది పాడవాలి. మీ గోడ బయటి వైపు సున్నం ఇసుకలా రాలుతోందంటే అది 90 ఏళ్లు తన పని చేసింది, మార్చే సమయం వచ్చింది. అది దిగులు పడాల్సిన విషయం కాదు. పెచ్చులూడిన ఇటుకల గురించి మాత్రం కాస్త దిగులు పడొచ్చు. ఆ ఇటుకల చుట్టూ ఎప్పుడైనా ఎవరైనా సిమెంటుతో సందులు పూడ్చారేమో చూడండి. చాలా ఇళ్లలో సిమెంటు గీతలు నిక్షేపంగా నిలబడి, వాటి మధ్య ఇటుకలు గుంటలు పడి కనిపిస్తాయి.

ఇప్పుడు మీరడిగిన ప్రశ్న: దేనితో మొదలుపెట్టాలి? నీళ్లతో. తాపీ ముట్టుకునే ముందు ఆ గోడకు నీళ్లు ఎక్కడెక్కడి నుంచి వస్తున్నాయో తేలాలి.

నాకు అన్నిటికన్నా అనుమానం మీ పెరట్లో కాంక్రీటు మీద. పోసేటప్పుడు పాత మట్టి తవ్వి తీశారా, దాని మీదే పోసేశారా? మీదే పోసి ఉంటే బయటి నేల 4, 5 అంగుళాలు పెరిగి ఉంటుంది. లోపలి గచ్చు మట్టం కన్నా బయటి నేల కనీసం 6 అంగుళాలు (150 మిల్లీమీటర్లు) కిందికి ఉండాలి. ఒక పొడవాటి పారదర్శక గొట్టంలో నీళ్లు నింపి, గుమ్మంలోంచి పట్టి మేస్త్రీ 5 నిమిషాల్లో మట్టం చూసి చెప్పేస్తాడు. రెండో విషయం వాలు. వానలో గొడుగు పట్టుకుని పెరట్లో నిలబడి చూడండి, నీళ్లు గోడ వైపు వస్తున్నాయా, గోడ నుంచి దూరంగా పోతున్నాయా? మూడోది, ముందు ఆ నేలలో ఉన్న తడి మట్టిలోంచే ఆవిరయ్యేది. కాంక్రీటు ఆ దారి మూసేసింది, ఇక దానికి మిగిలింది మీ గోడే. పైగా గట్టి నేల మీద పడిన వాన చినుకు చిట్లి గోడను అడుగున్నర ఎత్తు దాకా తడుపుతుంది.

కాబట్టి మొదటి పని గోడ మీద కాదు, గోడ పక్కన. వెనక గోడ పొడవునా ఒక అడుగు, అడుగున్నర వెడల్పు కాంక్రీటు కోయించి తీసేయండి. అడుగున వాలు ఉండేలా కాస్త తవ్వి, దూరంగా పోయే రంధ్రాల పైపు పరిచి, కంకర నింపితే చాలు. ఒక్క జాగ్రత్త: పునాది అడుగు కన్నా లోతుకు తవ్వకూడదు. పాత ఇళ్ల పునాదులు చాలాసార్లు మనం అనుకున్నంత లోతుగా ఉండవు. ముందు ఒక చోట చిన్న గుంట తీసి పునాది ఎక్కడిదాకా ఉందో చూసుకోండి.

తర్వాత పైకి చూడండి. వాన నీటి గొట్టం ఆ వెనక మూలలోనే దిగుతోందా? దాని చివర నీళ్లు గోడ మొదట్లోనే పడుతున్నాయా? బీట వచ్చింది కూడా ఆ మూలలోనే కాబట్టి అడుగుతున్నాను. ఏళ్ల తరబడి ఒకే చోట నీళ్లు పడితే పునాది కింద మట్టి మెత్తబడి, కొట్టుకుపోయి, మూల కుంగుతుంది. పిట్టగోడ పైభాగం పగిలి ఉందా, కిటికీ చెక్కల కింద నీళ్లు లోపలికి జారుతున్నాయా, గోడలో పాత కుళాయి పైపు ఏదైనా ఉందా, ఇవన్నీ చూడాలి. పైపు అనుమానం తీర్చుకోవడం తేలిక. రాత్రి కుళాయిలన్నీ కట్టేసి మీటరు అంకె రాసుకోండి, పొద్దున్నే ఎవరూ నీళ్లు వాడకముందు మళ్లీ చూడండి.

లోపలి వైపు తడి నిజంగా గోడలోంచి వస్తోందా, గదిలో గాలి తేమ చల్లటి గోడ మీద పేరుకుంటోందా అని సందేహం ఉంటే అల్యూమినియం రేకు ముక్క ఒకటి గోడకు పెట్టి నాలుగంచులా టేపు వేయండి. ఒకటి రెండు రోజుల తర్వాత రేకు మీద, అంటే గది వైపు చెమర్చితే అది గాలి తేమ. రేకు వెనక తడిస్తే గోడలోది. మీ గోడకు ఉప్పు పొడి రాలుతోంది కాబట్టి రెండోదేనని నా అంచనా.

బావగారి ఇంజెక్షన్ సంగతి. నేల మట్టానికి కాస్త పైన వరసగా రంధ్రాలు వేసి నీళ్లను వెళ్లనివ్వని మందు ఎక్కించి, అడ్డంగా ఒక పొర ఏర్పాటు చేయడం దాని ఉద్దేశం. అది పూర్తిగా మోసమని నేను అనను. కానీ 18 అంగుళాల పాత గోడ మధ్యలో చాలాసార్లు ముక్కలు, ఖాళీలు ఉంటాయి, మందు అన్ని చోట్లా సమానంగా పాకదు. బయటి నేల ఆ పొర కన్నా ఎత్తుగా ఉంటే ఎంత బాగా చేసినా లాభం లేదు. ఇంకో సంగతి, వాళ్లు తెచ్చే తేమ మీటరు విద్యుత్ నిరోధాన్ని కొలిచే రకమైతే గోడలో ఉప్పు ఉన్నా పెద్ద అంకె చూపిస్తుంది. ఆ అంకె చూసి కంగారుపడి సంతకం పెట్టకండి. నేల దించి, నీళ్లు మళ్లించి, ఒక ఏడాది చూశాక కూడా అడుగున చెమ్మ తగ్గకపోతే అప్పుడు ఆలోచిద్దాం.

నీళ్ల పని అయ్యాక లోపలి సిమెంటు పూత తీయాలి. ముందు సుత్తి పిడితో తట్టుకుంటూ పోండి. డొల్ల మోత వచ్చిన చోట సుద్దతో గీయండి. అక్కడ పూత గోడను ఎప్పుడో వదిలేసి ఉంటుంది, తేలిగ్గా వస్తుంది. గట్టిగా పట్టుకున్న చోట ఒక చదరపు అడుగు మాత్రం ఊడదీసి చూడండి. దానితో పాటు ఇటుక ముఖం కూడా ఊడొస్తుంటే ఆపేయండి. ఊడదీయడంలో జరిగే నష్టం ఉంచడంలో జరిగేదానికన్నా ఎక్కువైతే దాన్ని ఇప్పటికి వదిలేయడమే నయం. డ్రిల్లింగ్ మిషన్ పెట్టి దడదడలాడించవద్దు, చిన్న ఉలి, తేలికపాటి సుత్తి చాలు.

ఇక అందరికీ నచ్చని మాట చెప్పాలి. ఊడదీశాక గోడను ఆరనివ్వాలి. అంగుళం మందానికి నెల అని ఒక మోటు లెక్క ఉంది. మీ గోడకు ఆ లెక్కన ఏడాదిన్నర. గాలి ఆడితే, రెండు వైపులా తెరిచి ఉంటే త్వరగా ఆరొచ్చు, ఒక వానాకాలం మధ్యలో వస్తే ఆలస్యం కావొచ్చు. ఆ గదిని అన్నాళ్లూ ఇటుకలు కనిపిస్తుండగా వాడుకోవడం ఇబ్బందే, కాదనను. అమ్మగారికి అది నచ్చకపోతే పల్చటి సున్నం పూత ఒకటి వేయించండి, ఉప్పంతా దాంట్లోకి వస్తుంది, రెండేళ్లకు దాన్ని గీకి పారేయొచ్చు. అది పారేయడానికే వేసే పూత అని ముందే అనుకుంటే రాలినప్పుడు బాధ ఉండదు. ఈలోగా వచ్చే ఉప్పును పొడి బ్రష్‌తో దులిపి ఎత్తి పారేయండి. నీళ్లతో కడిగితే అది కరిగి మళ్లీ లోపలికే పోతుంది.

బయటి వైపు పాయింటింగ్, అంటే ఇటుకల సందుల్లో మళ్లీ మాలు నింపడం, దగ్గరికొద్దాం. డబ్బు ఖర్చు పెట్టాల్సింది ఇక్కడే, గోడ పాడయ్యేదీ ఎక్కువగా ఇక్కడే.

మొత్తం గోడ చేయించకండి. ఇంటి తాళం చెవితో సందుల్ని గీకుతూ పోండి. చెవి లోపలికి దిగని చోట పాత సున్నం ఇంకా బాగుంది, దాన్ని ముట్టుకోవద్దు. రాలిపోయిన చోట్ల మాత్రమే తీయాలి. ఎంత లోతు? సందు వెడల్పుకు రెండు నుంచి రెండున్నర రెట్లు. మీ సందులు 10 మిల్లీమీటర్లు ఉంటే 20 నుంచి 25 మిల్లీమీటర్ల లోతు అన్నమాట. పైపైన అరంగుళం కూడా తీయకుండా మాలు పులిమితే రెండు వానలకే చెక్కలా ఊడొస్తుంది. ఉలి సందు కన్నా సన్నగా ఉండాలి. గ్రైండర్ పెడితే ఒక రోజులో పని అయిపోతుందని మేస్త్రీ అంటాడు. నిజమే, అయిపోతుంది. నిలువు సందుల దగ్గర ఆ బ్లేడు పైఇటుకనూ కిందిఇటుకనూ కూడా కోస్తుంది. ఆ గాటు ఇక ఎవరూ మాన్పలేరు.

తీసిన పాత మాలు ఒక గుప్పెడు దాచండి. దాన్ని మెత్తగా నలిపి, గాజు గ్లాసులో వేసి కొంచెం వెనిగర్ పోయండి. బుస్సుమని నురగ వస్తుంది, అది సున్నం కరగడం. నురగ ఆగాక పైనీళ్లు వంచేసి మళ్లీ కొంచెం పోయండి, ఇక నురగ రానంతవరకు, దానికి ఒకటి రెండు రోజులు పట్టొచ్చు. అడుగున మిగిలింది మీ తాతగారి కాలం ఇసుక. కడిగి ఆరబెట్టి కాగితం మీద పరచండి: రంగు ఏమిటి, ఎంత గరుకు, చిన్నా పెద్దా గింజలు కలిసి ఉన్నాయా. కొత్త ఇసుకను దానికి దగ్గరగా ఎంచుకుంటే మాలు రంగు దానంతటదే కలుస్తుంది. ఇసుకలో గవ్వల ముక్కలు ఉంటే అవి కూడా కరిగిపోతాయి, ఆ సంగతి మర్చిపోకండి. ఇసుక ఉప్పు లేనిదై ఉండాలి, సముద్రపు ఇసుక అసలు వద్దు.

పాళ్లు సాధారణంగా సున్నం ఒకటికి ఇసుక మూడు. ఇందులో రహస్యమేమీ లేదు. ఇసుక గింజల మధ్య ఖాళీ మొత్తంలో దాదాపు మూడో వంతు ఉంటుంది, దాన్ని నింపడానికి సరిపడా సున్నం కావాలి. ఏ సున్నం అన్నది గోడను బట్టి. నానబెట్టిన సున్నం ముద్ద మెత్తనిది, కానీ గాలి తగిలితేనే గట్టిపడుతుంది, తడి చోట చాలా ఆలస్యం చేస్తుంది. మీ గోడ అడుగు భాగానికి మెత్తగా దంచిన ఇటుక పొడి, అదే సుర్కీ, కలిపితే తడిలోనూ గట్టిపడుతుంది. సంచుల్లో దొరికే సహజ హైడ్రాలిక్ సున్నం, అంటే తడిలోనూ గట్టిపడే రకం సున్నం, ఇంకో దారి. దాని మీద 2, 3.5, 5 అని అంకెలుంటాయి. అవి 28 రోజులకు అది తట్టుకునే కనీస ఒత్తిడి, మెగాపాస్కల్స్‌లో. మీ ఇటుకలకు 2 మంచిది, వాన బాగా కొట్టే వైపుకు 3.5 దాకా వెళ్లొచ్చు, 5 వద్దు. పెద్ద అంకె మంచిదనుకునే అలవాటు మనకుంది, ఇక్కడ అది పనికిరాదు.

"ఒక దోసెడు సిమెంటు కలుపుదాం సార్, పట్టు ఉంటుంది" అని తప్పకుండా అంటారు. వద్దని గట్టిగా చెప్పండి. కొద్దిగా కలిపిన సిమెంటు వల్ల సున్నానికి ఉన్న మంచి గుణం పోతుంది, సిమెంటుకు ఉన్న బలం పూర్తిగా రాదు. బయటి గోడ మీద జిప్సం పుట్టీ కూడా వద్దు.

పని చేసే తీరు చూడండి. సందులోంచి దుమ్మంతా బ్రష్‌తో తీసి, పైనుంచి కిందికి నీళ్లు చల్లాలి. ఇటుక తడిసి ఉండాలి గానీ నీళ్లు నిలిచి ఉండకూడదు. పొడి ఇటుక మాలులోని నీళ్లు లాగేసుకుంటే సున్నం పొడిగా మిగిలిపోతుంది. మాలు చేతిలో ఉండ చేస్తే నిలబడేంత గట్టిగా ఉండాలి, జారుగా ఉంటే ఆరేటప్పుడు కుంచించుకుని అంచుల వెంట చీలుతుంది. సందు వెనక్కి తాకేలా సన్నటి కర్రతో కూరుతూ, ఒక్కో విడతకు 6 నుంచి 8 మిల్లీమీటర్ల చొప్పున నింపాలి. ఒక పొర మీద బొటనవేలు గట్టిగా నొక్కితే చిన్న గుర్తు మాత్రమే పడాలి, అప్పుడు తర్వాతి పొర. ఇటుక అంచులు అరిగి ఉన్న చోట మాలును ఇటుక ముఖం దాకా తేకూడదు, కాస్త లోపలే ఆపాలి. లేకపోతే ఆ మాలు ఇటుక మీదకు పాకి, సందు రెండింతలు వెడల్పుగా కనిపిస్తుంది, ఆ పల్చటి అంచు ముందుగా రాలుతుంది. చివరిగా, అది కొంచెం బిగిసాక గట్టి బ్రష్‌తో పొడుచుకుంటూ పోతే పైనున్న జిగట పొర పోయి ఇసుక గింజలు తేలతాయి. దాంతో పాత గోడలో కలిసిపోతుంది, తడీ బాగా ఆరుతుంది.

ఆ తర్వాతి వారం ఎవరూ పట్టించుకోరు, పని పాడయ్యేది అప్పుడే. తడి గోనెలు గోడకు వేలాడదీసి, రోజుకు మూడు నాలుగు సార్లు నీళ్లు చిలకరించాలి. ఎండ సూటిగా పడకూడదు, వడగాలి తగలకూడదు, పెద్ద వాన కొట్టకూడదు. 5 డిగ్రీల సెల్సియస్ లోపు చలిలో పనే పెట్టుకోకూడదు. ఇదంతా మేస్త్రీకి అప్పగిస్తే జరగదు, అతను రెండో రోజుకే ఇంకో ఇంట్లో ఉంటాడు. ఇంట్లో ఎవరో ఒకరు పూనుకోవాలి.

పెచ్చులూడిన ఇటుకకు పాత మేస్త్రీలు ఒక ఉపాయం చేసేవాళ్లు. దాని చుట్టూ సున్నం జాగ్రత్తగా తీసి, ఇటుక బయటికి లాగి, వెనక ముఖం బాగుంటే దాన్నే తిప్పి పెట్టేవాళ్లు. సైజూ అదే, రంగూ అదే. వెనక కూడా పాడై ఉంటే అలాంటి పాత ఇటుకే వెతికి పెట్టండి. కొత్తగా వచ్చే గట్టి ఇటుక ఒకటి మధ్యలో పెడితే దాని చుట్టుపక్కల ఉన్నవి ముందు పాడవుతాయి. పెచ్చులూడిన గుంటలను సిమెంటు ముద్దతో పూడ్చి ఎర్ర రంగు వేసే పని మాత్రం వద్దు.

ఇప్పుడు బీట. అమ్మగారికి చెప్పండి, మీరు రాసినదాన్ని బట్టి ఈ వారం పడిపోయే గోడలా అనిపించడం లేదు. మెట్లు మెట్లుగా సందుల వెంట పోయే బీట మెత్తటి సున్నం వల్లే అలా వస్తుంది. కుంగినప్పుడు ఇటుక పగలకుండా సందు విచ్చుకుంటుంది. 5 మిల్లీమీటర్ల లోపు ఉన్నవి చాలావరకు బాగు చేసుకోగలిగినవే. 5 నుంచి 15 మధ్య ఉంటే ఇంజనీరు చూడాలి, తలుపులూ కిటికీలూ బిగుసుకోవడం అప్పుడే మొదలవుతుంది. అంతకు మించితే ఆలస్యం చేయకూడదు. కానీ వెడల్పు కన్నా ముఖ్యమైనది అది ఇంకా కదులుతోందా అన్నది. బీటకు అటూ ఇటూ రెండేసి చిన్న మేకులు దించి, వాటి మధ్య దూరం వెర్నియర్ కాలిపర్‌తో కొలిచి తేదీతో రాయండి. పైన ఒక చోట, కింద ఒక చోట కొలవండి, పైన ఎక్కువ తెరుచుకుంటోందో కింద ఎక్కువో తెలిస్తే ఏ వైపు కుంగుతోందో ఇంజనీరుకు అర్థమవుతుంది. నెలకోసారి, ఒక ఏడాది పాటు. ఎండకు, వానకు కాస్త పెరగడం తగ్గడం మామూలే. పెరుగుతూనే పోతే మామూలు కాదు.

కొన్ని చూస్తే మాత్రం ఏడాది ఆగకండి, వెంటనే ఇంజనీరును పిలవండి: గోడ మధ్యలో ఉబ్బడం (తూకం గుండు వేలాడదీస్తే తెలిసిపోతుంది), కిటికీ పైన కమాను ఇటుకలు జారడం, బీటలోంచి అవతల వెలుతురు కనపడడం, వారాల్లోనే బీట వెడల్పు కావడం. పాత మందపాటి గోడలు ఉబ్బితే లోపలి వరస, బయటి వరస విడిపోతున్నాయని అర్థం, దాని మీద పూత ఎంత వేసినా ఉపయోగం లేదు. కిటికీ దగ్గర బీట కాబట్టి ఊచలు, చట్రం గోడలోకి దిగిన చోట ఇనుము తుప్పు పట్టిందేమో కూడా చూడండి. తుప్పు ఇనుము కన్నా కొన్ని రెట్లు ఎక్కువ చోటు తీసుకుంటుంది, ఇటుకను లేపి పగలగొట్టే బలం దానికుంది. గోడ సందుల్లో రావి, మర్రి మొలకలు ఉంటే చేత్తో పీకకండి, వేరుతో పాటు ఇటుక వస్తుంది. మొదలు కోసి, కోసిన చోట మందు పూసి, వేరు చచ్చాక సందు నింపండి.

కదలిక ఆగిందని తేలాకే బీటను సున్నంతో నింపాలి. వాన నీటి గొట్టం దూరం మళ్లించడంతోనే చాలా బీటలు అక్కడికక్కడే ఆగిపోవడం చూశాను, అందుకే నీళ్ల పని అయ్యాక కొలతలు మొదలుపెట్టమంటున్నాను.

వంటగది గురించి మీరు రాసింది చూసి సిమెంటు మంచిదే కదా అని మేస్త్రీ అనొచ్చు. అక్కడ మంచిదే. గట్టి ఇటుక, సిమెంటు మాలు, సిమెంటు పూత, అడుగున చెమ్మ పైకి రాకుండా ఒక పొర, అన్నీ ఒక పద్ధతిలో ఉన్న గోడ అది. అక్కడ సున్నం వెతుక్కోవాల్సిన పని లేదు. కొత్త గోడ, పాత గోడ కలిసే మూల దగ్గర మాత్రం సిమెంటుతో బిగించేయకండి, ఆ రెండూ ఒకేలా కదలవు. అక్కడ మెత్తటి సున్నమే నింపండి, సన్నటి గీత పడినా పట్టించుకోకండి.

రంగుల్లో ప్లాస్టిక్ ఎమల్షన్లు, నీళ్లు అంటకుండా చేసే సిలికాన్ పూతలు పాత గోడకు వద్దు. పల్చగా నాలుగైదు చేతులు వెల్ల వేయిస్తే చాలు. ఇంకా మన్నిక కావాలంటే సిలికేట్ రంగులున్నాయి. 1878లో జర్మనీలో కైమ్ అనే ఆయన పేటెంటు తీసుకున్న పద్ధతి, తడిని ఆపదు. ఇటుకల మీది మురికి పోవాలని ఇసుక కొట్టించడం, హై ప్రెషర్ నీళ్లు పెట్టడం చేయకండి. భట్టీలో కాలినప్పుడు వచ్చిన గట్టి పైపొర పోతే ఇటుక నీళ్లు తాగడం మొదలుపెడుతుంది.

పని మొదలయ్యాక పిల్లల్ని దూరంగా ఉంచండి. తడి సున్నం కళ్లలో పడితే చూపు పోయే ప్రమాదం ఉంది. కళ్లద్దాలు, చేతి తొడుగులు తప్పనిసరి, పడితే వెంటనే ధారగా నీళ్లు పోసి కడుగుతూ ఆస్పత్రికి వెళ్లాలి. కాల్చిన సున్నం నానబెట్టేటప్పుడు నీళ్లలో సున్నం కొద్దికొద్దిగా వేయాలి, సున్నం మీద నీళ్లు కుమ్మరించకూడదు, అది కుతకుత ఉడికి చిమ్ముతుంది. పాత మాలు గీకేటప్పుడు తడిపి గీకమనండి, మాస్కు పెట్టుకోమనండి. పాత రంగుల్లో సీసం ఉండొచ్చు, వాటిని పొడిగా గీకి ఇంట్లో దుమ్ము లేపకండి.

మేస్త్రీకి సున్నం పని రాదంటే గొడవ పడకండి. వెనక గోడలో ఎవరికీ కనపడని చోట 3 అడుగుల పొడవు, 3 అడుగుల ఎత్తు ముక్క ఒకటి చేయించండి. ఒక వానాకాలం గడవనివ్వండి. అది నిలబడితే మిగతాది అప్పగించండి. పెరట్లో కాంక్రీటు తీయించడానికి మాత్రం వానాకాలం కోసం ఆగవద్దు. బీట కొలతలు 3 నెలలవి వచ్చాక, పైన ఎంత, కింద ఎంత అన్నది, వాన నీటి గొట్టం ఎక్కడ దిగుతోందో ఒక చిన్న బొమ్మ గీసి నాకు రాయండి.